గుంత పడకముందే పని: రోడ్లను, రన్‌వేలను తక్కువ ఖర్చుతో నిలబెట్టుకునే పద్ధతి

వానలు తగ్గగానే మున్సిపల్ కార్యాలయాల్లో ఒక జాబితా తయారవుతుంది. ఊళ్లో అన్నిటికంటే అధ్వానంగా ఉన్న రోడ్లు దాని పైవరుసలో ఉంటాయి. ఫిర్యాదులు వచ్చినవి, పత్రికల్లో ఫొటోలు పడినవి, కౌన్సిలర్లు పట్టుబట్టినవి. ఉన్న డబ్బంతా వాటికే పోతుంది. ఇంకా నల్లగా, నునుపుగా ఉన్న రోడ్డు ఊసు ఎవరూ ఎత్తరు. చూడడానికి ఇది న్యాయంగానే ఉంటుంది. రోడ్ల మీద ప్రజాధనం ఖర్చు పెట్టే పద్ధతుల్లో అన్నిటికంటే ఖరీదైనది కూడా ఇదే.

ఎందుకంటే తారు రోడ్డు ఏటా ఒకే తీరున పాడవదు. మొదటి కొన్నేళ్లు చెక్కుచెదరనట్టే కనిపించి, ఆ తర్వాత ఉన్నట్టుండి కూలబడుతుంది. రోడ్ల నిర్వహణ పాఠాల్లో తరచూ కనిపించే గ్రాఫు ఒకటుంది: ఆయుష్షులో మొదటి 75 శాతం గడిచేసరికి నాణ్యత 40 శాతం తగ్గుతుంది, తర్వాతి 12 శాతం కాలంలోనే మరో 40 శాతం పోతుంది. ఈ అంకెలు వేదవాక్కు కావు. నేల, వాన, లారీలను బట్టి మారతాయి. కానీ గీత వంపు మాత్రం ఇంచుమించు అన్నిచోట్లా అలాగే ఉంటుంది. ఆ వంపు తిరగకముందు చేసే పని చౌక, తిరిగాక చేసే పని దాదాపు కొత్త రోడ్డే.

మున్సిపల్, పంచాయతీరాజ్ ఇంజనీర్లు, పారిశ్రామికవాడల నిర్వాహకులు, సొంత రోడ్లున్న పెద్ద కాలనీల సంఘాలు ఇదే క్రమంలో పని చేసుకోవచ్చు. విమానాశ్రయాల సంగతి విడిగా చెబుతాను.

మొదటి మెట్టు: మీ దగ్గర ఉన్నదేమిటో రాసుకోండి

రోడ్డు పేరు, పొడవు రాసి ఊరుకుంటే చాలదు. ఒకే రోడ్డయినా బస్టాండు నుంచి రైల్వే గేటు దాకా ఒకలా, గేటు దాటాక మరోలా ఉంటుంది. వెడల్పు, వేసిన సంవత్సరం, కింది పొరలు, తిరిగే బండ్లు ఒకే రకంగా ఉన్నంత మేరను ఒక సెక్షన్‌గా విడగొట్టి, ప్రతి సెక్షన్‌కు ఒక నంబరు ఇవ్వండి. కింద ఎంత మందం కంకర ఉంది, పైన తారు పొర ఎన్ని మిల్లీమీటర్లు అన్నది పనుల కొలతలు రాసే పాత ఎం-బుక్కుల్లో దొరుకుతుంది. దొరకకపోతే అంచున ఒక పరీక్ష గుంత తవ్వి టేపు పెట్టి కొలవండి.

దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. రోడ్ల నిర్వహణ లెక్కలు వేసే హెచ్‌డీఎం-4 లాంటి సాఫ్ట్‌వేర్లు జాతీయ రహదారుల స్థాయికి పనికొస్తాయి. అరవై కిలోమీటర్ల రోడ్లున్న పట్టణానికి కంప్యూటర్‌లో ఒక పట్టిక సరిపోతుంది. సాఫ్ట్‌వేర్ కొని, అందులో వివరాలు నింపేవాళ్లు లేక వదిలేసిన కార్యాలయాలను చూశాను. పట్టిక అయితే అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) బదిలీ అయినా మరొకరు తెరిచి చదువుకోగలరు.

రెండో మెట్టు: నడిచి మార్కులు వేయండి

1970లలో అమెరికా సైన్యపు ఇంజనీర్ల విభాగం పేవ్‌మెంట్ కండిషన్ ఇండెక్స్ (రోడ్డు ఉపరితలపు స్థితి సూచిక) అనే పద్ధతిని రూపొందించింది. ముందు వైమానిక స్థావరాల కోసం పుట్టి, తర్వాత రోడ్లకు వచ్చింది. క్లుప్తంగా పీసీఐ అంటారు. 100 అంటే మచ్చలేని రోడ్డు, 0 అంటే పూర్తిగా పోయినది. 85 దాటితే బాగున్నట్టు, 55కు దిగువన బాగులేనట్టు, 10 లోపు పనికిరానట్టు లెక్క.

ఒక సెక్షన్ తీసుకుని చేసి చూద్దాం. 7 మీటర్ల వెడల్పు, 1,280 మీటర్ల పొడవు ఉన్న తారు రోడ్డు. దాన్ని 32 మీటర్ల ముక్కలుగా విడగొడితే 40 ముక్కలు, ఒక్కొక్కటి 224 చదరపు మీటర్లు. తారు రోడ్డుకు ముక్క 225 చదరపు మీటర్లు, 90 అటూ ఇటూగా ఉండాలని ప్రమాణం. నలభై ముక్కలూ చూడనక్కర్లేదు. ప్రామాణిక సూత్రంలో ముక్కల మార్కుల మధ్య తేడాను చెప్పే విచలనం 10, అనుమతించే పొరపాటు 5 మార్కులు అని వేస్తే 12 ముక్కలు చాలని వస్తుంది. 40ని 12తో భాగిస్తే మూడుకు కాస్త ఎక్కువ, కాబట్టి ప్రతి మూడో ముక్క. మొదటిది చీటీ తీసి ఎంచుకోండి. రెండు వస్తే 2, 5, 8, 11 ఇలా చివరిదాకా. చీటీ ఎందుకంటే, మనిషి కన్ను తనకు తెలియకుండానే గుంతలున్న చోటికే పోతుంది.

ఇక కొలవడం. ముక్కలో ప్రతి లోపాన్నీ మూడు మాటల్లో రాయాలి: ఏ రకం, ఎంత తీవ్రం, ఎంత మేర. మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు మధ్యస్థ తీవ్రతతో 9 చదరపు మీటర్లు ఉన్నాయనుకోండి. 224లో 9 అంటే 4 శాతం. ఆ శాతానికి ఎన్ని మార్కులు కోత పడాలో అచ్చయిన గ్రాఫుల్లో ఉంటుంది. అదే 4 శాతం మేర పైనున్న సన్న కంకర (చిప్స్) మాత్రమే లేచిపోయి ఉంటే కోత చాలా తక్కువ, ఎందుకంటే మొదటిది రోడ్డు నడుము విరుగుతోందని చెబుతుంది, రెండోది చర్మం పొడిబారిందని మాత్రమే.

ఇద్దరు మనుషులు, కొలిచే చక్రం, టేపు, సుద్దముక్క, మూడు మీటర్ల నిటారు పట్టీ, ఫోనులో కెమెరా ఉంటే పని నడుస్తుంది. వెళ్లే వేళ ఉదయమో సాయంత్రమో ఎంచుకోండి. ఎండ ఏటవాలుగా పడినప్పుడు సన్న పగుళ్లు, చక్రాల గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. మిట్టమధ్యాహ్నం అన్ని రోడ్లూ నున్నగానే ఉంటాయి.

మూడో మెట్టు: జబ్బు ఎక్కడుందో తేల్చండి

డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. గుంత అనేది జబ్బు పైకి కనిపించే గుర్తు. కారణం తెలియకుండా పూడిస్తే మరుసటి వానకు అదే చోట మళ్లీ తెరుచుకుంటుంది.

నా లెక్కలో మొదటి అనుమానితుడు ఎప్పుడూ నీరే. రోడ్డు మధ్య కాస్త ఎత్తుగా ఉండి రెండు అంచులకూ వాలాలి. మందపాటి తారు రోడ్డుకైనా సీసీ రోడ్డుకైనా ఈ క్యాంబర్ 1.7 నుంచి 2 శాతం, పలుచటి తారు పొరకు 2 నుంచి 2.5 శాతం ఉండాలని రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) చెబుతుంది. తారు పక్కన ఉండే మట్టి అంచు, అంటే బెర్ము, అంతకంటే ఇంకొంచెం వాలుగా ఉండాలి. మన ఊళ్లలో జరిగేది దీనికి తలకిందులు: ఏళ్లపాటు దుమ్ము, చెత్త, కాలువ తీసిన పూడిక చేరి బెర్ము రోడ్డుకంటే ఎత్తవుతుంది. వాన నీరు బయటికి పోయే దారిలేక తారు అంచునే నిలబడి, సందుల్లోంచి కింది కంకరలోకి దిగుతుంది. తడిసిన కంకర మీద లారీ చక్రం పడ్డ ప్రతిసారీ నీరు నెట్టుకుని పైకి వస్తూ సన్న మట్టిని మోసుకొస్తుంది. పగులు పక్కన ఆరిన బురద చార కనిపిస్తే కథ అంతా అక్కడే రాసి ఉన్నట్టు. అలాంటి చోట ముందు ఎక్స్‌కవేటర్‌తో బెర్ము చెక్కించి, కాలువ తెరిపించండి. తారు తర్వాత.

ఏ రోడ్డు గురించైనా పది పేజీల నివేదిక చదవడంకంటే వాన పడుతుండగా గొడుగు వేసుకుని ఆ రోడ్డు మీద అరగంట నడవడం మేలు. నీరు ఎక్కడ ఆగుతోందో, ఏ కల్వర్టు నోరు మూసుకుందో అప్పుడు తెలిసినంతగా ఎండాకాలంలో తెలియదు.

రెండో కారణం బరువు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ప్రత్యేకంగా వేసిన రోడ్ల మీద లారీలు నడిపి చేసిన పరీక్షలో తేలినదేమిటంటే, ఇరుసు బరువు పెరిగితే నష్టం సుమారుగా దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. రోడ్డు రూపకల్పనలో ప్రామాణిక ఇరుసు 8.2 టన్నులు. 12.3 టన్నుల ఇరుసు దానికి ఒకటిన్నర రెట్లు. నష్టం మాత్రం ఐదు రెట్లు. చీమకుర్తి గ్రానైట్ దిమ్మెలు మోసే దారి, ఇసుక రేవు నుంచి వచ్చే దారి పక్క ఊరి రోడ్డుకంటే ఎందుకు ముందే కూలుతాయో ఈ ఒక్క లెక్క చెబుతుంది. కార్లు, బైకుల రద్దీ ఎంత ఉన్నా ఈ లెక్కలో వాటి వాటా నామమాత్రం. బరువు వల్ల పోయిన రోడ్డు చక్రాలు నడిచే దారిలోనే గాడి పడుతుంది, అక్కడే మొసలి పగుళ్లు వస్తాయి.

మూడోది నేల. కర్నూలు, నంద్యాల, గుంటూరు, ఆదిలాబాద్ ప్రాంతాల నల్లరేగడి తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. అంచుకు సమాంతరంగా, కొంచెం లోపలగా పొడుగాటి పగుళ్లు వస్తే ముందు దీన్నే అనుమానించండి. నాలుగోది వయసు: ఎండకు తారు గట్టిపడి, పెళుసుబారి, గళ్లుగళ్లుగా పగులుతుంది. ఇది అందరికీ వచ్చేదే. పట్టుకోవడం సులువు, వైద్యం చౌక.

లోపల బలం ఎంత మిగిలిందో తేల్చాలంటే, బరువు పడితే రోడ్డు ఎంత కుంగుతుందో కొలిచే బెంకెల్‌మన్ బీమ్ పరీక్షో, ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్‌తోనో చూడాలి. ప్రతి వీధికీ అవసరం లేదు. లక్షలు పోసి కొత్త పొర వేయబోతున్న ప్రధాన రోడ్డుకు మాత్రం ఈ పరీక్ష మానకండి.

నాలుగో మెట్టు: జబ్బుకు తగిన మందు

80 పైన మార్కులున్న రోడ్డుకు కావలసింది శుభ్రమైన కాలువ, పగులు కనిపిస్తే మూసే మనిషి. 3 మిల్లీమీటర్లు దాటిన పగులును కంప్రెసర్ గాలితో ఊది, ఎండబెట్టి, ఎమల్షన్ (నీళ్లలో కలిపిన తారు) గానీ రబ్బరు కలిపిన తారు గానీ పోయాలి. ఇది చలికాలంలో చేయడం మంచిది, అప్పుడు పగులు నోరు తెరుచుకుని ఉంటుంది. మే నెలలో తారు వ్యాకోచించి పగుళ్లు మూసుకుపోయి, పోసినదంతా పైపైనే నిలుస్తుంది.

60 నుంచి 80 మధ్య ఉండి, నడుము గట్టిగా ఉన్న రోడ్డుకు పలుచటి పై పూత. స్లర్రీ సీల్, మైక్రో సర్ఫేసింగ్, సర్ఫేస్ డ్రెస్సింగ్ ఈ కోవలోవి. మైక్రో సర్ఫేసింగ్ 4 నుంచి 8 మిల్లీమీటర్ల మందమే. వేసిన కొద్ది గంటల్లోనే బండ్లు వదలవచ్చు. ఇవి నీటిని ఆపుతాయి, చర్మాన్ని కాపాడతాయి. బలం మాత్రం ఇవ్వవు. మొసలి పగుళ్ల మీద మైక్రో సర్ఫేసింగ్ వేయడం విరిగిన కాలికి కట్టు కట్టకుండా పౌడరు రాయడమే. ఏడాది తిరక్కుండా కింది పగుళ్లు అద్దంలోలా పైకి వస్తాయి.

40 నుంచి 60 మధ్య అయితే చెడిన మేర తవ్వి కొత్తగా నింపి, ఆపైన 30 లేదా 40 మిల్లీమీటర్ల బిటుమినస్ కాంక్రీటు, అంటే తారు, కంకరల వేడి మిశ్రమం. పట్టణంలో ఇలా పొర మీద పొర వేస్తూపోతే ఇళ్ల గడపలు రోడ్డుకంటే కిందికి వెళ్లి, వాన నీరు వరండాల్లోకి వస్తుంది. అందుకే పాత పొరను మిల్లింగ్ యంత్రంతో గీకి తీసి, ఆ మందమే మళ్లీ వేయించండి. గీకిన సరుకు పారేయకండి. కొత్త మిశ్రమంలో కలుపుకోవడానికి ఐఆర్‌సీ 120 మార్గదర్శకాలున్నాయి. 40 కంటే దిగువకు పోతే పైపూతలతో సమయం వృథా, పునర్నిర్మాణమే.

ఐదో మెట్టు: డబ్బు ఎటు ముందు

అంకెలు ఊహించినవి, మీ ప్రభుత్వ ప్రామాణిక రేట్ల (ఎస్‌ఎస్‌ఆర్) పట్టికతో మీరు మళ్లీ వేసుకోండి. కిలోమీటరు పైపూతకు 10 లక్షలు, మందపాటి పొరకు 30 లక్షలు, పునర్నిర్మాణానికి 80 లక్షలు అనుకుందాం. చేతిలో 80 లక్షలున్నాయి. పూర్తిగా పోయిన ఒక కిలోమీటరు తిరిగి కట్టవచ్చు, లేదా 70 మార్కుల్లో ఉన్న 8 కిలోమీటర్లకు పైపూత వేయవచ్చు. మొదటిది ఎంచుకుంటే, ఆ 8 కిలోమీటర్లు నాలుగైదేళ్లలో వంపు దాటి మందపాటి పొర అడుగుతాయి: 240 లక్షలు. రెండోది ఎంచుకుంటే, పోయిన కిలోమీటరు అలాగే పోయి ఉంటుంది. కానీ దాన్ని ఇప్పుడు కట్టినా మూడేళ్ల తర్వాత కట్టినా, ధరల పెరుగుదల తప్ప, ఖర్చు ఇంచుమించు అదే. ఇంకా చెడడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

రెండు పనులను పోల్చడానికి ఇంకో కొలత: ఖర్చును అది ఇచ్చే అదనపు ఏళ్లతో భాగించండి. 10 లక్షల పూత నాలుగేళ్లు నిలిస్తే ఏడాదికి రెండున్నర లక్షలు. అదే పూత మొసలి పగుళ్ల మీద ఏడాది నిలిస్తే ఏడాదికి 10 లక్షలు. మందు ఒకటే, రోగి వేరు.

నిజమే, గుంతల రోడ్డు మీద ప్రయాణించే జనానికి ఈ లెక్క చెప్పి ఒప్పించడం కష్టం. ఆ రోడ్డు ఆసుపత్రికి వెళ్లేదైతే ఒప్పించాల్సిన అవసరం కూడా లేదు. దాన్ని ముందు బాగు చేయండి. నేనైతే బడ్జెట్‌ను మూడు సంచులుగా కడతాను. కాలువలు, పగుళ్లు, గుంతలకు ఒకటి. బాగున్న రోడ్ల పూతలకు ఒకటి. పోయిన రోడ్లకు ఒకటి. రెండో సంచిలోంచి మూడోదానికి డబ్బు మళ్లించకూడదని కౌన్సిల్‌లో ముందే తీర్మానం చేయించుకోవాలి. ఆ తీర్మానం లేకపోతే రెండో సంచి ఎన్నికల ఏడాది దాకా కూడా ఉండదు.

ఆరో మెట్టు: గుంత పూడ్చడం నేర్చుకోండి

ట్రాక్టరులో చల్లారిన మిశ్రమం తెచ్చి, నీళ్లున్న గుంతలో పారతో వేసి, పార వెనకతో రెండు దెబ్బలు కొట్టి వెళ్లిపోవడం మనకు కొత్త కాదు. సరిగ్గా చేస్తే ఇలా ఉంటుంది:

1. గుంత చుట్టూ గట్టి తారు తగిలేదాకా సుద్దతో చతురస్రమో దీర్ఘ చతురస్రమో గీయండి. కట్టర్‌తో నిటారుగా కోయండి. గుండ్రటి, ఏటవాలు అంచు కొత్త సరుకును పట్టుకోదు.
2. కదిలే ముక్కలన్నీ తీసి, బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయండి. అడుగు తడిగా ఉంటే ఆరేదాకా ఆగండి. కింది కంకర చెడి ఉంటే దాన్నీ మార్చండి.
3. అడుగుకు, నాలుగు గోడలకు టాక్ కోట్, అంటే కొత్త సరుకు అంటుకోవడానికి వేసే పలుచటి పూత. తారు మీద చదరపు మీటరుకు 0.2 నుంచి 0.3 కిలోల ఎమల్షన్ చాలు. గోధుమ రంగు నల్లగా మారాకే మిశ్రమం వేయండి. ఎక్కువ పోస్తే అంటుకోదు, జారుతుంది.
4. వీజీ-30 రకం తారుతో చేసిన మిశ్రమం ప్లాంటులో 150 నుంచి 165 డిగ్రీలు, పరిచేటప్పుడు కనీసం 140 ఉండాలి. 90కి దిగేలోపు రోలింగ్ ముగియాలి. లారీ మీద టార్పాలిన్, మేస్త్రీ చేతిలో థర్మామీటరు తప్పనిసరి.
5. లోతు ఎక్కువైతే పొరలుగా నింపండి. పై పొర చుట్టుపక్కల కంటే కాస్త ఎత్తుగా వేసి, అంచుల నుంచి మధ్యకు దిమ్మిస కొట్టండి. నిటారు పట్టీ పెట్టి చూసి, అంచు కీళ్లకు తారు పూయండి.

వానల్లో వేడి మిశ్రమం దొరకదు. అప్పటికి సంచుల్లో వచ్చే కోల్డ్ మిక్స్ వాడి, వానలు తగ్గాక ఆ చోట్లను మళ్లీ చూడండి.

ఏడో మెట్టు: విమానాశ్రయమైతే

కొలిచే పద్ధతి అదే పీసీఐ; తారు ఉపరితలానికి ముక్క మాత్రం 450 చదరపు మీటర్ల చుట్టూ ఉంటుంది. తేడా అంతా ఓపికలో ఉంది. రోడ్డు మీద చిప్స్ లేస్తే బైకు జారుతుంది. రన్‌వే మీద లేచిన ఒక్క రాయి ఇంజిన్ లాక్కునే గాలితో లోపలికి పోతే బ్లేడ్లు దెబ్బతింటాయి. కాబట్టి రోడ్డుకు ఫరవాలేదనిపించే మార్కు రన్‌వేకు ఆలస్యం కింద లెక్క. అమెరికాలో 1994 చట్టం తర్వాత, కేంద్ర నిధులతో రన్‌వే లాంటి పేవ్‌మెంటు వేసుకునే విమానాశ్రయాలకు నిర్వహణ కార్యక్రమం ఉండాలని నిబంధన పెట్టారు. అక్కడి మార్గదర్శకాల ప్రకారం పీసీఐ సర్వే చేసే చోట వివరమైన తనిఖీ మూడేళ్లకు ఒకసారి చాలు, వాహనంలో తిరిగి చూడడం నెలకోసారి. రోజువారీ తనిఖీ ఎలాగూ ఉంటుంది.

చక్రాలు నేలను తాకే చోట టైరు రబ్బరు కరిగి అంటుకుంటుంది. తడిసినప్పుడు అది జారుడు బల్లే. క్రమం తప్పకుండా ఘర్షణ కొలిచి, ఎక్కువ పీడనంతో నీళ్లు కొట్టి తీయించాలి. విమానాలు నిలిచే ఏప్రన్లు ఎక్కువగా కాంక్రీటువే, ఎందుకంటే ఒలికిన ఇంధనం తారును కరిగిస్తుంది. ఆ కాంక్రీటు పలకల మధ్య కీళ్లలో నింపిన సీలెంట్ ఎండి ఊడితే రాళ్లు దూరతాయి, నీరు దిగుతుంది, పలకల మూలలు విరుగుతాయి. మీటరు సీలెంట్ ధర, పలక మార్చే ధర పక్కపక్కన వేసి చూసినవాళ్లు ఈ పని వాయిదా వేయరు. కొత్త విమానం రాబోతుంటే దాని బరువును మీ పేవ్‌మెంటు మోయగలదో లేదో చూసుకోవాలి. 2024 నవంబరు 28 నుంచి అంతర్జాతీయంగా ఈ మోసే శక్తిని చెప్పడానికి పాత పీసీఎన్ బదులు పీసీఆర్ సంఖ్య అమల్లోకి వచ్చింది.

ఇక్కడ అసలు ఖర్చు తారుది కాదు, మూసివేత గంటలది. ముంబై విమానాశ్రయంలో రెండు రన్‌వేలు ఒకదాన్నొకటి ఖండించుకుంటాయి. 2024 మే 9న వానలకు ముందు మరమ్మతుల కోసం ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా రెండింటినీ ఒకేసారి మూశారు. విమానయాన సంస్థలకు ముందే చెప్పి, ఆ పనులను ఆరు గంటల్లో సర్దుకుంటారు. శంషాబాద్‌లో 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకు మరమ్మతు పడితే, మామూలు రోజుల్లో టాక్సీవేగా, అంటే విమానాలు రన్‌వేకు వెళ్లివచ్చే దారిగా, వాడే రెండో రన్‌వే ఆ పని అందుకుంటుంది. కొత్త విమానాశ్రయం గీసేటప్పుడే నిర్వహణ గురించి ఆలోచిస్తే కలిగే లాభం ఇది.

ఎనిమిదో మెట్టు: చేసినదాన్ని కాపాడుకోండి

కొత్త తారు వేసిన నెలకే నీటి పైపు కోసమో, కేబుల్ కోసమో అడ్డంగా తవ్వడం ఎరగని ఊరు లేదు. ఏప్రిల్‌లో వేయబోయే రోడ్ల జాబితాను నీటి, విద్యుత్, టెలికాం విభాగాలకు అక్టోబరులోనే పంపి, తవ్వేదుంటే ముందే తవ్వుకోమనండి. తర్వాత అడిగితే పూర్తి వెడల్పు పునరుద్ధరణ ఖర్చు ముందుగా కట్టించుకోండి. కందకంలో తీసిన మట్టే మళ్లీ వేయనివ్వకండి; పొరలుగా గట్టిపరిచిన కంకర వేయించండి.

నాట్ల రోజుల్లో దమ్ము చక్రాలతో ట్రాక్టరు ఒక్కసారి తారు రోడ్డెక్కితే పక్కా గాట్లు పడతాయి. కేసులు పెట్టడంకంటే పొలాల దారి మొదట్లో చక్రాలు మార్చుకునే చోటు, ట్రక్కు మీద తరలించే ఏర్పాటు చూపిస్తే రైతులు వింటారు.

కాంట్రాక్టును కూడా నిర్వహణకు అనుకూలంగా రాసుకోవచ్చు. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లు చూసుకోవాలి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ 709 కిలోమీటర్ల ప్రధాన రోడ్లను ఐదేళ్ల నిర్వహణకు ఏజెన్సీలకు అప్పగించింది. ఇలాంటి ఒప్పందంలో చెల్లింపు గుంతల సంఖ్య మీద ఉండకూడదు. పూడ్చిన గుంతకు డబ్బిస్తే గుంతలు పెరుగుతాయి. గుంత లేని నెలకు డబ్బివ్వండి.

తెలంగాణలో సర్వేకు నవంబరు, డిసెంబరు అనువు. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాలు వెళ్లేదాకా, అంటే జనవరి దాకా ఆగండి. పోయినసారి చీటీలో వచ్చిన ముక్కలనే మళ్లీ కొలిచి, పాత మార్కు పక్కనే కొత్తది రాయండి. ఏడాదిలో పది మార్కులు పడిపోయిన సెక్షన్ ఏదైనా కనిపిస్తే, పై పొరకు అంచనా వేయకముందు కాలువలోకి దిగి చూడండి.